కోడిపిల్ల ముడుచుకుంటే

పెద్ద కోడి జబ్బుతో రెండు మూడు రోజులు లాగుతుంది. వారం వయసు పిల్లకు అంత గడువుండదు. పొద్దున ఓ మూల కళ్లు మూసుకుని నిలబడ్డ పిల్ల సాయంత్రానికి పోవచ్చు. పైగా ఒంట్లో బాగోలేని పిల్ల ఆ సంగతి బయటపడనీయదు. మనం దగ్గరికి వెళ్తే తక్కినవాటితో పాటు అదీ పరుగెడుతుంది. అందుకే రోజూ దాణా పోసేముందు కాస్త దూరంలో కదలకుండా నిలబడి గమనించాలి. పోశాక మేతకు రానిది ఏదో చూసుకోవాలి.

ముందు అనుమానించాల్సింది వేడినే. మొదటి వారం పిల్లలు తిరిగేచోట 35 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. తల్లి రెక్కల కింద పెరిగే నాటుపిల్లలకు ఈ లెక్క అక్కర్లేదు. వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లల్ని తెచ్చి బల్బు కింద పెంచేవాళ్లకే ఈ చిక్కు. పిల్లలు బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కి అరుస్తుంటే వాటికి చలేస్తోందన్నమాట. దూరంగా చేరి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. బల్బు ఎత్తు మార్చగానే సర్దుకుంటే మందు అవసరమే లేదు. వేడి సరిగానే ఉన్నా ఒకటి రెండు పిల్లలు రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని కునికిపాట్లు పడుతుంటే అది జబ్బే.

తర్వాత రెట్ట చూడాలి. దానికి రోతపడితే పిల్లల పెంపకం సాగదు. మామూలు రెట్ట గోధుమరంగులో గట్టిగా, పైన తెల్లగా ఉంటుంది. అప్పుడప్పుడు ముదురు రంగులో మెత్తగా పడినా కంగారక్కర్లేదు. పుట్టిన రెండు వారాల్లోపే తెల్లటి విరేచనం వెనక అట్టకట్టి పిల్లలు వరసగా చస్తుంటే, అది తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే తెల్లపారుడు కావచ్చు. పిల్ల చురుగ్గా ఉండి వెనక మాత్రం అట్టకడితే గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తుడిస్తే చాలు. పీకితే తోలు చిరుగుతుంది.

మూడు నుంచి ఆరు వారాల మధ్య రెట్టలో రక్తం కనబడితే సాధారణంగా అది కాక్సిడియోసిస్. రెట్టతో బయటపడిన క్రిమి తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మరో పిల్లకు అంటేలా తయారవుతుంది. నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన ఊకను ఏ రోజుకారోజు తీసేయమనేది అందుకే. దీనికి ఆంప్రోలియం అనే మందుంది, పశువైద్యుడు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపివ్వాలి. అదే వయసులో తెల్లటి నీళ్ల విరేచనాలు, వణుకు కనబడితే గంబోరో కావచ్చు. ఆకుపచ్చటి విరేచనం, నోరు తెరిచి గురకపెట్టడం, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం కొక్కెర తెగులు లక్షణాలు. ఈ రెండూ వైరస్ జబ్బులే, వీటిని నయం చేసే మందు లేదు. మనుషుల క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలిపే అలవాటు మానుకోవాలి. వైరస్ మీద ఆ మందు పనిచేయదు, దాన్ని నమ్ముకుంటే విలువైన రోజు పోతుంది.

ఏ జబ్బో తేలకముందే చేయాల్సిన పని ఒకటుంది. నలతగా ఉన్న పిల్లను విడిగా ఒక గంప కింద, పొడి గోనెపట్టా మీద, వెచ్చగా ఉంచండి. దాని ముక్కు కొన ఒకసారి నీళ్లలో ముంచితే తనే తాగుతుంది. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు బాగున్నవాటికి మేత పెట్టి, చివర్లో దీని దగ్గరికి వెళ్లి, ఆపైన చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నయం కాని జబ్బుకు టీకాయే దిక్కు. కొక్కెర తెగులుకు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య లాసోటా కంటిచుక్క, రెండో వారం చివర గంబోరో టీకా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే మరో సూది. ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయాలి, మందును ఐస్‌లో తేవాలి. ఒక్క సీసా వంద పిల్లలకో అంతకు మించో వస్తుంది, కలిపాక దాచుకోలేం. ఇంటికి పదేసి పిల్లలున్న వాడలో అందరూ ఒకేరోజు వేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది, జబ్బు పాకే దారీ మూసుకుపోతుంది.

పిల్లలు ఒక్కసారిగా గుంపుగా చచ్చిపోతే మాత్రం వాటిని కోయొద్దు, అమ్మొద్దు, కాలవలో పారేయొద్దు. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అదే తేలింది. చచ్చినవాటిని ఒట్టి చేతులతో ముట్టకుండా పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ వెంటనే చెప్పండి. వాళ్లు చూశాక లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.