పిత్తాశయంలో రాళ్లు కాన్సర్‌కు దారితీస్తాయా?

కడుపునొప్పి అని వెళితే డాక్టరు స్కానింగ్ చేయించమంటారు. పిత్తాశయంలో రాళ్లున్నాయని రిపోర్టు వస్తుంది. "ఇది కాన్సరవుతుందేమో" అని ఆ రాత్రి నుంచే నిద్ర మానేసేవారు కొందరు. "నొప్పి తగ్గిందిగా" అని రిపోర్టును బీరువాలో పడేసేవారు మరికొందరు. ఇద్దరిదీ పొరపాటే.

పిత్తాశయం కాలేయం అడుగున ఉండే చిన్న సంచి. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని నిలవచేసి, మనం కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు పేగులోకి వదలడం దాని పని. ఆ రసంలో కొలెస్టరాల్ ఎక్కువైనా, సంచి సరిగా ఖాళీ కాకపోయినా రాళ్లు ఏర్పడవచ్చు. ఇవి మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. మూత్రపిండాల్లోని రాయిలాగా నీళ్లు తాగితే పడిపోయేవి కావు.

సంబంధం ఎంతవరకు?

పిత్తాశయ కాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి రాళ్లుంటాయి. కాని రాళ్లున్నవారిలో కాన్సర్ వచ్చేది బహు కొద్దిమందికే. ఈ తేడాను గుర్తుంచుకోండి. రాయి ఏళ్ల తరబడి లోపలి పొరను ఒరుసుకుంటూ ఉంటే అక్కడ వాపు నిలిచిపోతుంది. కొందరిలో ఆ వాపే క్రమంగా కాన్సర్‌కు దారితీస్తుందని నిపుణుల అభిప్రాయం. మన దేశంలో ఈ కాన్సర్ ఉత్తరప్రదేశ్, బీహార్ వంటి గంగాతీర ప్రాంతాల్లో ఎక్కువ, దక్షిణాదిన తక్కువ.

ఎవరికి ఆపరేషన్?

ఏ బాధా పెట్టని చిన్న రాళ్లను సాధారణంగా కదిలించనక్కరలేదు. కాని విందు భోజనం చేసిన గంటకో రెండు గంటలకో కుడి డొక్కలో నొప్పి మొదలై, వీపుకో కుడి భుజానికో పాకుతూ, మళ్లీ మళ్లీ వస్తుంటే "గ్యాస్" అని మాత్రలు మింగుతూ కూర్చోకండి. రాయి 3 సెంటీమీటర్లు మించినా, సంచిలో 1 సెంటీమీటరు దాటిన పాలిప్ ఉన్నా, నొప్పి లేకపోయినా సర్జన్‌ను కలవండి. ఇప్పుడు చాలామందికి చిన్న రంధ్రాల ద్వారానే పిత్తాశయాన్ని తీసివేస్తున్నారు. అది లేకపోయినా పైత్యరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి చేరుతుంది. భోజనానికి లోటుండదు.

ఒక్క మాట మరవకండి. తీసిన సంచిని బయాప్సీ పరీక్షకు పంపారా అని అడగండి. కుట్లు విప్పించుకుని ఇంటికి వచ్చేయడంతో పని పూర్తికాదు. ఆ రిపోర్టు తెచ్చుకుని డాక్టరుకు చూపించండి. ఎవరూ అనుమానించని కాన్సర్ తొలిదశలో బయటపడేది చాలాసార్లు ఆ కాగితంలోనే. అప్పుడు నయం కావడానికి మంచి అవకాశం ఉంటుంది.

కామెర్లు, బరువు తగ్గడం, కుడి డొక్కలో గడ్డ కనిపించేసరికి వ్యాధి తరచు ముదిరి ఉంటుంది. కామెర్లకు పసరు మందంటూ రోజులు గడపకండి. రాయి ఉందని భయపడనక్కరలేదు. ఉందని తెలిసీ మరచిపోవడమే ప్రమాదం. బీరువాలోని రిపోర్టును ఈ వారమే బయటకు తీయండి.