నల్లని గీతల నడుమ తెల్లని అంచు

కాట్పాడి నుండి గూడూరునకు పోవు రైలుమార్గమును ధర్మవరపు మార్గము కలిసికొను పాకాలలో, పాశ్చాత్య పద్ధతిని వయొలిను నేర్చు పిల్లలకై ఒక పాఠమును కంప్యూటరుపై కూర్చుచుండగా, స్థలము చాలక ఐదుగీతల మధ్యనే ఉంచిన 4 అను వ్రేలి అంకె, తన అడ్డగీత సరిగా స్వరరేఖపైననే పడుటచే, ఆనవాలు తెలియకుండ కరగిపోయినది.

మన స్వరలిపికి ఈ చిక్కు లేదు. 1904లో ఎట్టయాపురమున అచ్చయిన సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సరిగమలు తెలుగక్షరములై, గమకచిహ్నములు వానిపై నిలిచి, వెనుక ఏ స్వరరేఖయు లేక స్వచ్ఛముగా కానవచ్చును. ఆ గ్రంథమునకు ప్రేరకులైన చిన్నస్వామి మొదలియారుగారు మాత్రము 1893లోనే మన కీర్తనలను ఐదుగీతలపైకి ఎక్కించిరి. గీతలున్నచోట గుర్తునకు చోటు చూపవలసినదే.

గీతలను స్వరములను కలిపి అచ్చొత్తుటకు పాశ్చాత్య ముద్రకులు పలు దారులు త్రొక్కిరి. 1501లో వెనిసులో పెట్రూచి గీతల నొకసారియు స్వరముల నింకొకసారియు అచ్చొత్తెను. 1528లో పారిసులో అట్టెన్యాఁ స్వరమును గీతల తునకను ఒకే అచ్చులో పోతపోయించెను. తరువాతి శిల్పులు తగరపు మిశ్రలోహపు పలకపై ఐదు పళ్ల పనిముట్టుతో గీతలు గీచి, ఉక్కు ముద్రలను సుత్తితో దిగగొట్టుచు, తప్పు వచ్చెనా పలక వెనుకనుండి కొట్టి చదునుచేసి తిరిగి చెక్కెడివారు.

1984లో వెలువడిన పోస్ట్‌స్క్రిప్టు అను పుటవర్ణన భాషలో, పిమ్మట పూసిన రంగు, అది తెలుపే యైనను, ముందటి రంగును పూర్తిగా కప్పివేయును. తెల్లని అంచునకు బీజ మిదియే. 1996లో పుట్టిన లిలీపాండ్ అను స్వరలిపి కూర్పు సాఫ్ట్‌వేరులో గుర్తు వెనుక తెలుపు పరచి గీతలను మరుగుచేయు పని మూడు విధముల జరుగును. చతురస్రపు తెలుపును, మూలలు గుండ్రనైన తెలుపును గోడకు సున్నపు అతుకువలె గీతలను నిష్కారణముగా మింగివేయుననియే నా అభిప్రాయము. మూడవదే శ్లాఘ్యము: అంకె తెల్లని ప్రతులను అనేకముగా కల్పించి, వానిని మూలస్థానము చుట్టును వలయాకారముగా కొద్దికొద్దిగా జరిపి పరచి, అటుపై నల్లని అంకెను నిలుపగా, ఆ అంకె ఆకృతినే అనుసరించు సన్నని తెల్లని అంచు ఏర్పడును. దాని మందము స్వరరేఖ మందమునకు ఇన్ని రెట్లని చెప్పవలెను. రెండు రెట్లకు నా నాలుగు ఇంకను అస్పష్టమే, మూడు రెట్లకు తేటపడినది.

అయితే ఆ తెలుపు ప్రక్కనున్న స్లర్ అను వంపుగీతను కొరికినది. ఏ పొర పిదప ఏ పొర రావలెనో సంఖ్యతో చెప్పుట కవకాశ మున్నందున, వంపుగీతకు పై సంఖ్య నిచ్చితిని. అది తెగక నాలుగును ఒరసికొని సాగిపోయినది.