లేబుల్ మీద లేని పేరు

1930 జులై 16న హాలీవుడ్‌లో విక్టర్ కంపెనీ ‘బ్లూ యోడెల్ నంబర్ 9’ అనే పాటను రికార్డు చేసింది. పాడింది జిమ్మీ రాడ్జర్స్. కంట్రీ సంగీతానికి ఆద్యుడని అమెరికన్లు ఇప్పటికీ చెప్పుకునే మిసిసిపీ తెల్లజాతి గాయకుడాయన. వెనక ట్రంపెట్ వాయించింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో వాయించింది ఆయన భార్య లిల్ హార్డిన్. జాజ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మించిన పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా లేబుల్ మీద ఆ పేరు వేయలేదు. అప్పట్లో ఆర్మ్‌స్ట్రాంగ్ వేరే కంపెనీతో ఒప్పందంలో ఉండటం ఒక కారణం కావచ్చు. కారణం ఏదైనా, డబ్బు పెట్టి ఆ రికార్డు కొన్న మనిషికి తన చెవిని నమ్ముకోవడం తప్ప సంగతి తెలిసే దారి లేదు. 1970లో జానీ క్యాష్ టీవీ కార్యక్రమంలో ఆర్మ్‌స్ట్రాంగ్ అదే పాటకు మళ్లీ ట్రంపెట్ పట్టేనాటికి అది అందరికీ తెలిసిన విషయం. జాజ్, కంట్రీ రికార్డులు సేకరించేవాళ్లు కలిసినప్పుడు ‘ఈమధ్య ఏం కొన్నారు?’ అని ఒకరినొకరు అడగడం బయటివాళ్లకు గొప్పలు చెప్పుకోవడంలా కనిపిస్తుంది. ఇలాంటి ఉదాహరణలు చూశాక నాకు అలా అనిపించదు. ఈ రెండు సంగీతాలకూ నమ్మదగిన చరిత్రంటూ ఒకటి ఉందంటే, అందులో పెద్ద భాగం ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు పోగుపడగా ఏర్పడిందే.

ఎవరు ఏం వాయించారో రాసిపెట్టే పని కంపెనీలు చేయాల్సింది. చేయలేదు. ఎందుకంటే వాటికి పాట ఒక సరుకు, అదీ చాలాసార్లు మరో సరుకుకు తోడుగా అమ్మేది. 1923లో కింగ్ ఆలివర్ బృందాన్ని, అందులో కుర్రవాడైన ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మొదటిసారి రికార్డు చేసిన జెనెట్, ఇండియానాలోని ఒక పియానోల కంపెనీకి అనుబంధం. పారమౌంట్ రికార్డుల వెనక ఉన్నది విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే సంస్థ. గ్రామఫోను పెట్టెలు అమ్ముడు కావాలంటే వాటి మీద తిరగడానికి ఏదో ఒకటి ఉండాలి, అంతే. పైగా సరుకును తోలు రంగును బట్టి విడదీశారు. కొలంబియాలో నల్లవారి కోసం వేసినవి 14000 వరసలో, పల్లె తెల్లవారి కోసం వేసినవి 15000 వరసలో వచ్చాయి. ఓకే కంపెనీలో అవే 8000, 45000 వరసలు. రాల్ఫ్ పీర్ లాంటి ఒకే మనిషి రెండు వైపులా రికార్డు చేయించాడు గానీ, కేటలాగులో ఆ రెండు వైపుల గాయకులు ఎదురుపడకుండా చూశారు. 1927లో టెనెసీ సరిహద్దు ఊరు బ్రిస్టల్‌లో కార్టర్ కుటుంబాన్నీ రాడ్జర్స్‌నూ మొదటిసారి రికార్డు చేయించింది కూడా ఈ పీరే. అమ్మకం ఆగిపోయాక ఆ సరుకు మీద ఎవరికీ మమకారం లేదు. ఆనాటి రికార్డులో కీలకమైన పదార్థం లక్క, అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. యుద్ధంతో సరఫరా కష్టమై, 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని 70 శాతం తగ్గించింది. పాత రికార్డులు వెనక్కి తెచ్చిస్తే కరిగించి కొత్తవి పోశారు. అలా ఏమేం కరిగిపోయాయో కంపెనీల దగ్గర లెక్కలేదు.

లెక్క రాయడం మొదలుపెట్టింది కొనేవాళ్లు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే ‘హాట్ డిస్కోగ్రఫీ’ అనే పుస్తకం తెచ్చాడు. ఇతను చిత్రకారులు రొబేర్, సోనియా దెలోనేల కొడుకు. సముద్రం అవతల ఉండి ఈ పని చేశాడు. ఏ రికార్డులో ఎవరు ఏ వాద్యం వాయించారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది వరసగా చెప్పిన తొలి పుస్తకాల్లో అది ముఖ్యమైనది. అప్పట్లోనే న్యూయార్క్ 42వ వీధిలో కమోడోర్ అనే రికార్డుల దుకాణం నడిపే మిల్ట్ గేబ్లర్, కంపెనీలు వదిలేసిన పాత జాజ్ పాటలను మళ్లీ అచ్చు వేయించి, లేబుల్ మీద వాద్యకారులందరి పేర్లూ తేదీ కూడా ముద్రించాడు. దుకాణానికి వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారో ఆయనకు తెలుసు మరి. ఈ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆసక్తికరమైన విషయం. రికార్డు మధ్యన, లేబుల్ అంచున ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. దాన్ని మేట్రిక్స్ నంబరు అంటారు. ఒకే పాటను రెండు మూడుసార్లు పాడించి ఉంటే, ఏది ఎన్నో టేకు అన్నదీ దాని పక్కనే తెలుస్తుంది. ఒకరి దగ్గరున్న ఒక్క రికార్డు మీది నంబరు ఏమీ చెప్పదు. పదిమంది తమ తమ నంబర్లు చెప్పుకుని వరసలో పేరిస్తే, ఆ రోజు స్టూడియోలో ముందు ఎవరు పాడారు, తర్వాత ఎవరు పాడారు, మధ్యలో ఏ పాట విడుదల కాకుండా ఉండిపోయింది అన్నది బయటపడుతుంది. తీగ లాగితే డొంక కదలడమే, కాకపోతే ఇక్కడ తీగను చాలామంది కలిసి లాగాలి.

దూరం కూడా ఈ పనికి సాయపడింది. దుకాణం పక్క వీధిలో ఉన్నవాడు కొనుక్కుని ఊరుకుంటాడు. ఖండాంతరంలో ఉన్నవాడు ఉత్తరం రాయక తప్పదు, ఉత్తరంలో వివరాలు రాయక తప్పదు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఎడ్వర్డ్స్ అమెరికాలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఉత్తరాలు రాస్తూ, రికార్డులు మార్చుకుంటూ, పాత కంట్రీ సంగీతానికి అతి విలువైన సేకరణల్లో ఒకటి తయారుచేశాడు. 1960లో 28 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. ఆ రికార్డులు, ఉత్తరాలు అమెరికా చేరాయి. వాటి పునాది మీద 1962లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట ఒక సంస్థ ఏర్పడింది. తర్వాత ఆ భాండాగారం నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. భారతదేశపు తొలి గ్రామఫోను రికార్డుల జాబితాను ఓపిగ్గా తయారుచేసిన మైకేల్ కిన్నియర్ కూడా ఆస్ట్రేలియావాడే కావడం తమాషా. మన దగ్గర వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ రికార్డులు పోగుచేసి, వాటినే ఆధారంగా పెట్టుకుని పాత సినిమా పాటల గురించి రాశారు కాబట్టి సరిపోయింది. బీరువాలో దాచి ఊరుకుంటే ఆ సేకరణ ఆ ఇంటివరకే.

ఇప్పుడు అంతా ఫోనులో దొరుకుతోంది కదా, ఇంకా ఈ కొనడాలూ చెప్పుకోవడాలూ ఎందుకన్నది మొదటి అభ్యంతరం. ఫోనులో వినిపించే ఆ 1920ల పాట అక్కడికి ఎలా వచ్చిందో చూస్తే జవాబు దొరుకుతుంది. జెనెట్, పారమౌంట్ వంటి చిన్న కంపెనీల మూలపు అచ్చులు చాలావరకు లేవు. కాబట్టి ఎవరో ఒకరి ఇంట్లో మిగిలిన రికార్డు నుంచే శబ్దం ఎక్కించుకోవాలి. కింగ్ ఆలివర్ బృందం జెనెట్‌కు చేసిన ‘జూలూస్ బాల్’ రికార్డుకు తెలిసినంతలో ఒకే ఒక్క ప్రతి మిగిలింది. అది ఉన్నవాడు ఉందని చెప్పకపోయి ఉంటే ఆ పాట ఈనాడు పేరుకు మాత్రమే మిగిలేది.

రెండో అభ్యంతరం ఇంతకంటే సూటిది: ఇదంతా ఆస్తి ప్రదర్శన, దాంతో ధరలు పెరుగుతాయి, పాట వినేవాడికి కాక దాచేవాడికి చేరుతుంది. ఇందులో నిజం ఉంది. 2022లో అమెరికాలో సీడీలు 3.3 కోట్లు అమ్ముడైతే వినైల్ ఆల్బమ్‌లు 4.1 కోట్లు అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. వాటిలో అట్ట విప్పకుండా అల్మరాలో నిలబెట్టినవి తక్కువేం ఉండవు. అయితే ఆస్తి పిచ్చి మనిషిని గుట్టుగా ఉంచుతుంది, చెప్పుకునే అలవాటు ఆ గుట్టును విప్పుతుంది. రెంటినీ ఒక గాటన కట్టకూడదు. మిసిసిపీ జాన్ హర్ట్ సంగతే చూడండి. 1928లో ఓకే కంపెనీకి పాడి, రికార్డులు అమ్ముడుకాక పొలం పనికి తిరిగి వెళ్లిన నల్లజాతి గాయకుడాయన. ఆయనను ఆ కంపెనీకి సిఫారసు చేసింది పొరుగునున్న తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడు విల్లీ నార్మర్. హ్యారీ స్మిత్ అనే సేకర్త తన సొంత రికార్డుల నుంచి 84 పాటలు ఏరి 1952లో ఆరు ఎల్పీలుగా విడుదల చేసినప్పుడు, హర్ట్ పాటలను కంట్రీ పాటల పక్కనే, ఎవరి జాతి ఏదో చెప్పకుండా పెట్టాడు. కంపెనీలు కట్టిన గోడను ఒక సేకర్త అలా పడగొట్టాడు. ఆ తర్వాత హర్ట్ పాడిన మరో పాట టేపు సేకర్తల మధ్య చేతులు మారింది. అందులో ఆయన సొంత ఊరు అవలాన్ ప్రస్తావన ఉంది. దాన్ని పట్టుకుని టామ్ హాస్కిన్స్ అనే అభిమాని 1963లో ఆ ఊరు వెళ్లి హర్ట్‌ను కలిశాడు. ఆ ఏడే హర్ట్ న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవ వేదిక మీద పాడాడు, 1966లో చనిపోయేవరకు పాడుతూనే ఉన్నాడు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. సేకర్తకు అరుదైనదంటే మోజు. అమ్ముడుపోని రికార్డే అరుదవుతుంది; అంటే ఆనాటి జనం వద్దనుకున్నది ఈనాటి చరిత్రలో ముందు పీటకు వస్తుంది. 1924లో వెర్నన్ డాల్హార్ట్ పాడిన ‘ద ప్రిజనర్స్ సాంగ్’ రికార్డు లక్షల్లో అమ్ముడై, కంట్రీ సంగీతానికి దేశమంతటా బజారు తెరిచింది. ఒపెరా పాడి వచ్చిన గొంతు, పైగా పాత సామాన్ల దుకాణాల్లో కొల్లలుగా దొరికే రికార్డులు. సేకర్తలు దశాబ్దాల తరబడి ఆయనను ముట్టుకోలేదు, కొన్నా కొన్నామని చెప్పుకోలేదు. ఈ తప్పు ఒప్పుకోవాల్సిందే. కానీ దాన్ని సరిదిద్దిన పనిముట్టు కూడా వాళ్ల చేతుల నుంచే వచ్చింది. బ్రిటన్‌కు చెందిన టోనీ రసెల్ 2004లో ప్రచురించిన కంట్రీ రికార్డుల జాబితా 1921 నుంచి 1942 దాకా వచ్చిన వాటిని నమోదు చేస్తుంది. జాబితాకు రుచి తెలియదు. ఒక్క ప్రతే మిగిలిన పల్లె ఫిడేలుకు ఎంత శ్రద్ధో, పదుల కొద్దీ మారుపేర్లతో పాడిన డాల్హార్ట్‌కూ అంతే. ఆ మారుపేర్ల వెనకున్నది ఒకే మనిషి అని తేల్చి చెప్పడానికి చవక రికార్డులను కూడా ఎవరో ఒకరు కొని, నంబర్లు చూసి, రాసి పంపాల్సి వచ్చింది.