సైకిళ్లకో అమ్మవారు

ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మొదలై, కొండమీది చిన్న గుడి దగ్గర ఆగే దారి ఇది. అంతా కలిపి పది కిలోమీటర్లకు అటూఇటూ. అయినా సైకిలంటే ప్రాణమిచ్చేవాళ్లు దేశదేశాల నుంచీ దాని మీద చెమటోడ్చడానికి వస్తారు.

గుడి చిన్నదే కానీ గోడల మీద ఖాళీ కనపడదు. పైన వరసగా పేరుమోసిన పందెగాళ్ల సైకిళ్లు వేలాడుతుంటాయి. ఫౌస్టో కోప్పి తొక్కింది ఒకటి, జినో బార్తాలిది ఒకటి, ఎడీ మెర్క్స్‌ది మరొకటి. వాటి చుట్టూ పందేల్లో గెలిచినవాళ్లు తెచ్చి ఇచ్చిన జెర్సీలు. ఇన్ని గెలుపుల మధ్య వంగిపోయిన సైకిలొకటి ఉంది. అది ఫాబియో కసార్తెల్లిది. కోమోలోనే పుట్టిన కుర్రాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ రోడ్ రేసులో బంగారు పతకం గెలిచాడు. 1995 జులై 18న టూర్ ద ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల దిగుడులో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. పాతికేళ్లు నిండలేదు. తలకు హెల్మెట్ లేదు. అప్పటికి అది తప్పనిసరి కాదు మరి. 2003లో మరో ఆటగాడు ఆండ్రీ కివిలెవ్ కూడా అలాగే పోయాక గానీ నిబంధన రాలేదు. ఎక్కేశామన్న సంబరంలో దిగుడుకు సిద్ధమయ్యేవాళ్లు ఈ గుళ్లో ముందుగా చూడాల్సింది ఆ సైకిల్‌నే అంటాను.

ఈ గుడి పేరు మడోన్నా దెల్ గిసాల్లో. ఉన్నది మాగ్రెల్యో అనే ఊళ్లో. వెనకటికి గిసాల్లో అనే జమీందారు దారిదోపిడీ దొంగల చేతికి చిక్కబోయి, ఇక్కడున్న మేరీమాత పటం దగ్గరికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడని స్థలపురాణం. అప్పటి నుంచి ఆమె బాటసారుల తల్లి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇక్కడి పాదిరీకి ఓ ఆలోచన వచ్చింది: ఈ కొండెక్కే బాటసారుల్లో సగంమంది సైకిళ్ల మీదే వస్తున్నప్పుడు అమ్మను వాళ్లకే అప్పగిస్తే పోలా? 1948లో పోప్ 12వ పయస్ వెలిగించి ఇచ్చిన జ్యోతిని సైకిళ్ల మీదే చేతులు మార్చుకుంటూ ఇక్కడికి తెచ్చారు. చివరి విడతలో దాన్ని పట్టుకొచ్చింది కోప్పి, బార్తాలి. ఇటలీ మొత్తం ఆ ఇద్దరి పేర్ల మీద రెండు ముఠాలుగా చీలిపోయి కొట్టుకుంటున్న రోజులవి! మరుసటి ఏడు, 1949లో, పోప్ ఆమెను సైకిలిస్టుల రక్షకురాలిగా ప్రకటించాడు.

గుడి ఉన్నది సముద్రమట్టానికి 754 మీటర్ల ఎత్తున. తిరుమల ఇంతకన్నా ఎత్తు. కానీ అలిపిరి నుంచి నడిచి వెళ్లినవాళ్లకు తెలుసు, కొండ ఎత్తెంతన్నది కాదు లెక్క, మోకాళ్ల పర్వతం ఎక్కడొస్తుందన్నదే లెక్క. గిసాల్లోలో అది రెండుసార్లు వస్తుంది.

దారి తెలియాలంటే ముందు సరస్సు ఆకారం తెలియాలి. హిమనదాలు తొలిచిన లోయలో నీళ్లు నిండి ఏర్పడిన సరస్సిది. విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు, లోతు 400 మీటర్ల పైమాటే. ఉత్తరం నుంచి ఒక్కటిగా వచ్చిన నీరు బెల్లాజో దగ్గర రెండు పాయలవుతుంది. పడమటి పాయ కొసన కోమో పట్నం, తూర్పు పాయ కొసన లెక్కో. ఈ రెండు పాయల నడుమ ముక్కోణంలా మిగిలిన కొండల మీదే మన ప్రయాణమంతా.

కోమోలో బయల్దేరితే బెల్లాజో దాకా సుమారు 30 కిలోమీటర్లు. ఒకవైపు రాతిగోడ, మరోవైపు కింద నీళ్లు, మధ్యలో రెండు కార్లు ఒరుసుకుంటూ వెళ్లేంత రోడ్డు. ఊళ్ల బస్సు ఎదురైతే గోడకు ఒదిగి ఆగాల్సిందే. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి గనుక, మన అలవాటు కొద్దీ మలుపుల్లో ఎడమకు లాగకుండా చూసుకోవాలి. నెస్సోలో ఊరి మధ్యనే లోయ చీలి జలపాతం సరస్సులోకి దూకుతుంది. దాని ముందు పాత రాతి వంతెన. ఎంత తొందరలో ఉన్నా ఇక్కడ ఆగండి.

అసలు పని బెల్లాజోలో మొదలు. ఊరు దాటి దారి పైకి తిరిగిందంటే ఊపిరి సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వదు. గుయెల్లో దాకా మొదటి నాలుగు కిలోమీటర్లు ఏటవాలు 9 శాతానికి అటూఇటూ. అంటే వంద మీటర్లు పోతే తొమ్మిది మీటర్లు పైకి. అక్కడక్కడా 14 శాతం దాకా లేస్తుంది. మలుపు మీద మలుపు. మలుపులో లోపలి అంచు పట్టుకుంటే దూరం తక్కువ, ఏటవాలు ఎక్కువ. బయటి అంచున దూరం ఎక్కువ, కాళ్లకు సుఖం. ముందు 34 పళ్ల చక్రం, వెనక 32 పళ్ల చక్రం ఉన్న సైకిలైతే మామూలు మనిషి కూర్చునే ఎక్కొచ్చు, ఆయాసపడుతూనే అనుకోండి. వేగం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ నిదానమే లాభం. ఎడమవైపు చెట్ల సందుల్లోంచి లెక్కో పాయ, దాని అవతల 2,400 మీటర్లకు లేచిన గ్రీన్యా సున్నపురాతి శిఖరాలు, కారులో వెళ్లేవాడికి రెప్పపాటులో పోయేవి, మీకు మలుపు మలుపుకూ మళ్లీ మళ్లీ కనపడతాయి.

తర్వాత చివెన్నా వైపు దారి చదునై, కాస్త కిందికి కూడా వాలుతుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. అయిపోయిందనుకుని పెద్ద గేరులో ఊపు మీద పోయి ఉన్న బలమంతా ఖర్చు పెట్టేస్తారు. చివరి కిలోమీటరున్నర మళ్లీ 9 శాతం. రెండో మోకాళ్ల పర్వతం అదే.

ఏటా అక్టోబరులో ‘ఇల్ లొంబార్దియా’ పందెం ఈ ప్రాంతంలోనే జరుగుతుంది. 1905లో పుట్టింది. ఆకులు రాలే కాలం కనుక రాలే ఆకుల పందెమని ముద్దుపేరు. 1919 నుంచి గిసాల్లో ఎక్కుతున్నారు. ఆటగాళ్లు గుడి ముందు నుంచి వెళ్తుంటే గంటలు మోగిస్తారు. కోప్పి దీన్ని ఐదుసార్లు గెలిచాడు. స్లొవేనియా కుర్రాడు తడే పొగాచర్ 2021 నుంచి 2025 దాకా వరసగా ఐదుసార్లు గెలిచి ఆ లెక్క సమం చేశాడు.

గుడి పక్కనే మ్యూజియం ఉంది. 2006లో తెరిచిన ఈ మ్యూజియం వెనక ఉన్నది ఫియొరెంజో మాన్యి. జిరో ద ఇటాలియా సైకిల్ పందెం మూడుసార్లు గెలిచాడు. అంతకన్నా జనం గుర్తుపెట్టుకున్నది ఆయన గెలవని 1956 జిరోని. కింద పడి కాలర్ ఎముక విరిగింది. హ్యాండిల్‌ను ఒక చేత్తో గట్టిగా లాగలేడు. మెకానిక్ ట్యూబు ముక్క కోసి హ్యాండిల్‌కు కట్టాడు. రెండో కొస పళ్ల మధ్య బిగించి, నోటితో లాగుతూ కొండెక్కాడు మాన్యి. చివరికి రెండో స్థానం! ఆ ఫోటో చూశాక మన కాళ్ల నొప్పుల గురించి మాట్లాడాలంటే సిగ్గేస్తుంది.

ఇంకా తీట తీరనివాళ్లకు అవతల సొర్మానో గోడ ఉంది. గుడి దగ్గర నుంచి అస్సో మీదుగా దిగి సొర్మానో చేరితే, అడవిలోంచి రెండు కిలోమీటర్లు కూడా లేని సన్నటి దారి. సగటు ఏటవాలే 15 శాతం పైన, కొన్నిచోట్ల 25 దాటుతుంది. 1960లో లొంబార్దియా పందెంలో చేర్చారు. ఆటగాళ్లు తొక్కలేక దిగి నడవడం, అభిమానులు వెనక నుంచి నెట్టడం చూసి 1962 తర్వాత మానేశారు. 2006లో బాగుచేసి, మోటారు బండ్లు రాకుండా చేశారు. ఇప్పుడక్కడ ప్రతి మీటరు ఎత్తుకూ తారు మీద తెల్లటి అంకె. అంకెకూ అంకెకూ మధ్య దూరం దగ్గరయ్యే కొద్దీ ఏటవాలు పెరిగిందని అర్థం. ఇంత నిజాయతీ గల రోడ్డును నేనెరగను. 2012లో పందెం మళ్లీ ఈ గోడెక్కింది. ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. 2020లో బెల్జియం ఆటగాడు రెమ్కో ఎవెన్‌పూల్ దిగుడులో వంతెన గోడ తగిలి లోయలో పడి కటి ఎముక విరగ్గొట్టుకున్నాడు.

వెళ్లేవాళ్లకు: మిలాన్ నుంచి కోమోకూ లెక్కోకూ రైళ్లున్నాయి. మే, జూన్, సెప్టెంబరు మంచివి. ఆగస్టు వద్దు, జనం. తూర్పు ఒడ్డున పెద్ద హైవే మీదికి సైకిళ్లను రానివ్వరు, పక్కనున్న పాత ఒడ్డు రోడ్డు పట్టుకోవాలి. కొండెక్కే ఓపిక లేకుంటే బెల్లాజోలో సైకిల్‌ను ఫెర్రీ ఎక్కించి వరెన్నాలో దిగండి, తప్పేం లేదు.

వీసా, విమానం ఖర్చు లెక్కేసుకుంటున్నారా? ఈలోగా కాళ్లకు ఇక్కడే పని చెప్పొచ్చు. విశాఖకు నీళ్లిచ్చే తాటిపూడి జలాశయాన్ని చూసుకుని, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఘాట్ ఎక్కండి. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ తోటలు. అరకు 900 మీటర్లకు పైనే ఉంది, గిసాల్లో గుడికన్నా ఎత్తు. అందానికి లోటేం లేదు. లేనివల్లా రోడ్డు అంచున సైకిల్‌కు జానెడు చోటు, కిలోమీటరుకో ఏటవాలు బోర్డు. ఇటలీలోనే ఉన్న 2,757 మీటర్ల స్టెల్వియో కనుమనే ఏడాదిలో ఒక రోజు కార్లు ఆపి సైకిళ్లకు వదిలేస్తారు. అరకు ఘాట్‌ను ఒక్క ఆదివారం పొద్దున వదిలితే వచ్చే నష్టమేమిటో నాకైతే అర్థం కాదు. అంతదాకా డిసెంబరు, జనవరి వారాంతాల్లో ఆ దారి జోలికి పోకండి. నవంబరులో మామూలు రోజున, తెల్లవారుతుండగా శృంగవరపుకోటలో బయల్దేరండి. మంచులో లారీ డ్రైవరుకు మీరు కనపడాలిగా, ముందూ వెనకా లైట్లు వెలిగించుకునే కదలండి.