ప్రాణాల మీదికొచ్చిన వినోదం

సద్దాం హుస్సేన్ హయాంలో ఇరాకీలు డిష్ యాంటెన్నా పెట్టుకోవడం నేరం. 2003లో ఆయన పతనమయ్యాక బాగ్దాద్ వీధుల్లో డిష్‌లు జోరుగా అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాదే అల్ షర్కియా వచ్చింది. ఇరాక్‌లో తొలి ప్రైవేటు ఉపగ్రహ చానెల్ అదే. అధిపతి సాద్ అల్ బజ్జాజ్ ఒకప్పుడు సద్దాం ప్రభుత్వ టీవీని నడిపినవారే. 1992లో దేశం వదిలి, లండన్‌లో స్థిరపడ్డారు.

అరబిక్‌లో వార్తలూ వినోదమూ అందించే ఈ చానెల్‌ను జనానికి దగ్గర చేసింది మాత్రం ఇటుకా సిమెంటే. 'సామగ్రి, కూలీ' అనే రియాల్టీ షోలో యుద్ధంలో కూలిన ఇళ్లను సొంత ఖర్చుతో తిరిగి కట్టించింది. శిథిలాల దగ్గర మొదలై కొత్త సామాన్లు సర్దేదాకా కెమెరా వెంటే ఉండేది. సర్కారు చేయాల్సిన పని టీవీ చేస్తే పాలకులకు రుచిస్తుందా?

నవ్వులూ కొందరికి గిట్టలేదు. 'కారికేచర్' కార్యక్రమంలో నేతలను, అమెరికా సేనలను, మిలీషియాలను ఆటపట్టించిన హాస్యనటుడు వలీద్ హసన్‌ను 2006 నవంబర్‌లో బాగ్దాద్‌లో కాల్చి చంపారు. ఆ డిసెంబర్ 30న సద్దాంను ఉరితీశాక న్యూస్‌రీడర్ నల్లదుస్తుల్లో తెరపైకి రావడం దుమారం రేపింది. హింసను, మతవిద్వేషాన్ని రెచ్చగొడుతోందంటూ 2007 జనవరి 1న ప్రభుత్వం బాగ్దాద్ కార్యాలయాన్ని మూయించింది. దుబాయ్ నుంచి ప్రసారాలు కొనసాగాయి.

2008 సెప్టెంబర్, రంజాన్ మాసం. ఓ కుటుంబానికి ఇఫ్తార్ విందు ఇచ్చే కార్యక్రమం చిత్రీకరించేందుకు చానెల్ బృందం మోసుల్‌లో ఓ ఇంటికి వెళ్లింది. యుద్ధవార్తల కోసం కాదు. అయినా సాయుధులు నలుగురిని ఎత్తుకెళ్లి చంపేశారు: బ్యూరో చీఫ్, ఇద్దరు కెమెరామెన్, డ్రైవర్.