తప్పు అమ్మదీ కాదు, అమ్మ మాటదీ కాదు

జూట్ మిల్లుల్లో, రైల్వేలో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి హౌరాలో స్థిరపడ్డ తెలుగిళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు వింటూ పెరుగుతారు. అలాంటి ఇంట్లో బిడ్డకు ఆటిజం ఉందని తేలితే ముందుగా వినిపించే మాట ఇది: "ఇన్ని భాషలెట్టి గుంటణ్ణి తికమక చేసేసారు. తెలుగు మానీండి." చుట్టాలే కాదు, ఒక్కోసారి చదువుకున్నవాళ్లూ ఇదే చెబుతారు. తల్లి మానేస్తుంది కూడా.

ఇది అపోహ. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలనూ, ఒకే భాషలో పెరిగేవారినీ పోల్చిన అధ్యయనాలు వేర్వేరు దేశాల్లో జరిగాయి. రెండో భాష వల్ల మాట అదనంగా ఆలస్యమవుతుందని వాటిలో తేలలేదు. నష్టం మానేయడంలోనే ఉంది. సరిగా రాని భాషలో తల్లి తక్కువ మాట్లాడుతుంది, ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. జోల, గారం, గదమాయింపు అన్నీ పోతాయి. పలాస నుంచి ఫోన్ చేసే అమ్మమ్మ ఆ బిడ్డకు పరాయిదవుతుంది. స్పీచ్ థెరపీ బెంగాలీలో దొరికితే బెంగాలీలోనే చేయించండి. అక్కడ నీళ్లడగడం నేర్పితే ఇంట్లో తెలుగులో అడిగించండి. బొమ్మల కార్డు చూపించి అడిగే బిడ్డకు ఆ కార్డు ఏ భాషలోనైనా పనికొస్తుంది.

భాష అయ్యాక నింద తల్లి మీదికి వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఉద్యోగానికెందుకెళ్లావు, ఫోన్ ఎందుకిచ్చావు? నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే దీనికి ఒకప్పుడు నిపుణులే ముద్ర వేశారు. 1943లో ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన లియో కానర్, ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్నాడు. 1967లో అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ ఏకంగా పుస్తకమే రాసి తల్లిని దోషిగా నిలబెట్టాడు. అదే ఏడు, అదే అమెరికాలో క్లారా క్లెయిబోర్న్ పార్క్ ఆటిజం ఉన్న తన చిన్న కూతురిని పెంచిన తీరును 'ది సీజ్' పుస్తకంగా తెచ్చారు. ఆమెకు నలుగురు పిల్లలు. మిగతా ముగ్గురికీ ఆటిజం లేదు. తల్లి ఒక్కతే, ఇల్లు ఒక్కటే. బెటెల్‌హైమ్ సిద్ధాంతం దీనికేం జవాబు చెబుతుంది? 1969లో కానరే తల్లిదండ్రుల సభలో వారి మీద ఏ దోషమూ లేదని ప్రకటించాడు. ఫోన్ ఎక్కువైతే మాట, నిద్ర దెబ్బతినవచ్చు కానీ ఆటిజం దానివల్ల రాదు.

ఒకే ఇంట్లో ఇద్దరికి ఉంటే శాపమంటారు. ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దది. పెద్ద బిడ్డకు ఉంటే తర్వాతి బిడ్డకూ ఉండే అవకాశం సుమారు ఐదింట ఒకటని 2011లో, మళ్లీ 2024లో వెలువడిన అధ్యయనాలు చెప్పాయి. అందుకే రెండో బిడ్డను ఏడాది నిండేనాటికే గమనించాలి: పిలిస్తే చూస్తోందా, కావలసినది వేలితో చూపిస్తోందా అని. "వాళ్ల తాతకూ మాటలు ఆలస్యమే" అనుకుంటూ ఏళ్లు గడపకూడదు. ఆడపిల్ల అయితే సిగ్గరి అని వదిలేస్తారు. 2012లో వచ్చిన 'బర్ఫీ' సినిమాలో ఆటిజం ఉన్న ఝిల్‌మిల్‌ను చూసినవాళ్లు కూడా ఆటిజం మగపిల్లలకే వస్తుందనుకోవడం విచిత్రం.

టీకాల వల్ల వస్తుందన్నది 1998లో 12 మంది పిల్లల మీద అచ్చయిన వ్యాసం పుట్టించిన భయం. దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించి, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని 2019లో తేల్చారు.

దుర్గా పూజ రోజుల్లో ఢాక్ డోలు మోగగానే చెవులు మూసుకుని నేల మీద పడి ఏడ్చే పిల్లవాడిది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. ఆ చప్పుడు అతనికి నిజంగా నొప్పి. పందిరికి పొద్దున్నే, జనం లేనప్పుడు తీసుకెళ్లండి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టండి.

స్టెమ్ సెల్ చికిత్సతో నయమవుతుందని లక్షలు గుంజేవారున్నారు. ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బు థెరపీకి, తల్లిదండ్రుల శిక్షణకు పనికొస్తుంది. కోల్‌కతాలో తల్లిదండ్రుల చొరవతో పుట్టిన ఆటిజం సొసైటీ వెస్ట్ బెంగాల్ ఉంది.

"నా తర్వాత ఎవరు?" అన్న ప్రశ్న మాత్రం అపోహ కాదు. 2016 దివ్యాంగుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా వస్తుంది. బిడ్డకు 18 నిండాక, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు. తల్లిదండ్రులు బతికుండగానే చేసుకోగల పని ఇది.