చూచిన యాట, జ్ఞప్తిలోని యాట

అమెరికా సంయుక్త రాష్ట్రములయందు ప్రతి సంవత్సరమును సెప్టెంబరు మొదలు నవంబరు వరకు శనివారము వచ్చినదనిన కళాశాలలున్న ఊళ్లలో జనులెల్లరు ఫుట్‌బాలు మైదానమునకు నడతురు. చదువుకొనుచున్న బాలబాలికలు మాత్రమే కాదు. ముప్పది, నలువది యేండ్ల క్రిందట చదువు ముగించిన పెద్దలును భార్యాబిడ్డలతో వచ్చి, పూర్వము తాము కూర్చున్న వైపుననే కూర్చుండి, జరుగుచున్న యాటను చూచుచు జరిగిపోయిన యాటలను చెప్పుకొందురు. ఏ యేట వాన కురిసెనో, ఎవడు చేతికందిన బంతిని జారవిడిచెనో, ఏ రిఫరీ అన్యాయపు తీర్పు చెప్పెనో, ఇవియన్నియు తండ్రినుండి కుమారునకు ఆస్తివలె సంక్రమించును. ఇట్టి జ్ఞాపకములు ఎట్లు పుట్టునో, ఎంతవరకు నమ్మదగినవో ఈ వ్యాసమున కొంత విచారింతము.

మన పాఠశాలలలో ఫుట్‌బాలనగా కాలితో తన్ను ఆట. అమెరికావారి ఫుట్‌బాలు వేఱు. వారి బంతి గుండ్రముగా నుండక రెండు కొనలు సూదిగా తేలియుండును. పక్షమునకు 11 మంది. మైదానము నిడివి 100 గజములు. బంతిని చంకనిడుకొని పరుగెత్తవచ్చును, చేతితో విసరవచ్చును. ఎదుటివారు అడ్డగించి పడద్రోయుదురు. బంతి గలవారు నాలుగు పర్యాయములలో 10 గజములు సాగవలెను. సాగనిచో బంతి ఎదుటివారిది. కడపటి గీటు దాటించిన 6 పాయింట్లు, ఆపైన బంతిని గుంజల నడుమనుండి తన్నిన మఱి 1. 1958 నుండి తన్నుటకు మారుగా ఇంకొకసారి గీటు దాటించి 2 పాయింట్లు పొందుటయు కలదు. ఆట నడుచుచుండగానే గుంజల నడుమకు తన్నిన 3. చదువరులు ఈ లెక్కను, ముఖ్యముగా ఆ నాలుగు పర్యాయములను, గుర్తుంచుకొనిన చాలును.

కళాశాలల నడుమ ఈ యాట 1869 నవంబరు 6వ తేదీన రట్గర్సు, ప్రిన్‌స్టను కళాశాలవారు ఆడినదానితో ఆరంభమైనదని చెప్పుదురు. నాడు పక్షమునకు 25 మంది ఆడిరి. రట్గర్సువారు 6–4 గెలిచిరి. ఆ యాట నేటి దానికంటె మన కాలిబంతి యాటకే దగ్గఱ.

ఇక జ్ఞాపకముల సంగతి. 1968 నవంబరు 23వ తేదీన హార్వర్డు, యేల్ విశ్వవిద్యాలయములవారు హార్వర్డు మైదానమున తలపడిరి. ఆ సంవత్సరము అంతవరకు ఇరుపక్షములును ఓటమి యెఱుగవు. ఆట ముగియుటకు ఒక నిమిషమైన లేని సమయమున యేల్‌వారికి 29, హార్వర్డువారికి 13. యేల్‌వారు గెలిచితిమనియే తలచిరి. అప్పుడు కడపటి 42 సెకండ్లలో హార్వర్డువారు రెండుమారులు గీటు దాటించి, రెండుమారులును అదనపు 2 పాయింట్లు సంపాదించి, మొత్తము 16 కూడబెట్టి, 29–29 చేసిరి. గెలుపు లేదు, ఓటమి లేదు. అయినను హార్వర్డు విద్యార్థుల పత్రిక తన శీర్షికలో హార్వర్డువారు యేల్‌వారిని 29–29 ఓడించిరని ప్రకటించెను! నవ్వుటకై వ్రాసిన మాటయే. కాని అందులో గొప్ప సత్యమున్నది. నలువది యేండ్ల పిమ్మట, 2008లో, కెవిన్ రాఫర్టీ యనువాడు అదే మాటను పేరుగా నుంచి ఆ యాటనుగూర్చి ఒక చలనచిత్రము తీసెను. నాటి ఆటగాండ్రు ముదుసలులై కూర్చుండి చెప్పుచుందురు. యేల్‌వారికది అపజయము, హార్వర్డువారికది జయము. లెక్క రెండు వైపులను ఒక్కటియే. సమానపు లెక్క సమానపు జ్ఞాపకమును కలిగింపదు.

ఇది గెలుపోటముల భావము మాత్రమే కదా, కండ్లతో చూచినది ఇరువురికి ఒక్కటియే గదా, అని మీరడుగవచ్చును. అట్లు కాదని తెలిపిన యాట ఒకటి కలదు.

1951 నవంబరు 24వ తేదీన డార్ట్‌మత్ కళాశాలవారు ప్రిన్‌స్టనుకు వచ్చి ఆడిరి. ప్రిన్‌స్టను పక్షమున డిక్ కజ్‌మేయర్ అను ప్రసిద్ధుడుండెను. ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారునికిచ్చు హైస్‌మన్ బహుమానము అతనికే వచ్చినది. రెండవ భాగమున అతని ముక్కు విఱిగెను. అతడు మైదానము విడువవలసివచ్చెను. మూడవ భాగమున డార్ట్‌మత్ ఆటగాని కాలు విఱిగెను. ప్రిన్‌స్టనువారు 13–0 గెలిచిరి గాని ఆ గెలుపుతో కోపము చల్లారలేదు. తమ వీరుని కావలెననియే కొట్టిరని ప్రిన్‌స్టను పత్రిక వ్రాసెను. ఓర్వలేక అపవాదు వేయుచున్నారని డార్ట్‌మత్ పత్రిక వ్రాసెను.

అప్పుడు డార్ట్‌మత్‌లోని హాస్టార్ఫ్, ప్రిన్‌స్టనులోని కాంట్రిల్ అను ఇరువురు మనశ్శాస్త్రాచార్యులు, తమ కళాశాలలవలె తామును కలహింపక, కలిసి పరిశీలన చేసిరి. మొదట ఉభయ కళాశాలల విద్యార్థులను ప్రశ్నించిరి. మోటాట మొదలుపెట్టినది డార్ట్‌మత్‌వారే యని ప్రిన్‌స్టను విద్యార్థులలో నూటికి 86 మంది చెప్పిరి. డార్ట్‌మత్ విద్యార్థులలో అట్లు చెప్పినవారు నూటికి 36 మందియే. ఇరుపక్షములును మొదలుపెట్టినవని డార్ట్‌మత్‌వారిలో సగముకంటె ఎక్కువమంది యనిరి.

ఇంతవరకు ఆశ్చర్యములేదు. రెండవ పరీక్షయే ముఖ్యమైనది. ఆట జరిగినప్పుడు తీసిన ఫిల్మును ఉభయ కళాశాలలలోను కొందఱు విద్యార్థులకు చూపి, నియమ విరుద్ధమైన ప్రతి చేష్టను చూచినవెంటనే కాగితముపై గుర్తుపెట్టుడని చెప్పిరి. ఫిల్ము ఒక్కటియే. ప్రిన్‌స్టనువారు సగటున డార్ట్‌మత్‌వారి తప్పులు 9.8, తమవారి తప్పులు 4.2 చూచిరి. డార్ట్‌మత్‌వారు తమవారి తప్పులు 4.3, ప్రిన్‌స్టనువారివి 4.4 చూచిరి. ఒకే తెరమీద ఆడిన ఒకే పక్షము ఒకరి కంటికి రెండింతలకుమించి దోషులుగా కనబడెను! దూరపు రాష్ట్రమునందున్న డార్ట్‌మత్ పూర్వవిద్యార్థి యొకడు ఆ ఫిల్ము తెప్పించుకొని చూచి, తాను వినిన దౌర్జన్యములేవియు అందు కానరాకపోగా, ముఖ్యభాగములను కత్తిరించితిరి కాబోలు, వానిని పంపుడని తంతి కొట్టించెను. ఎవరును ఏదియు కత్తిరింపలేదు. ఈ పరిశీలన 1954లో ప్రకటింపబడినది.

కాకిపిల్ల కాకికి ముద్దన్న సామెత మనవారికి తెలిసినదే. కాని ఈ ఆచార్యులు చెప్పినది అంతకంటె లోతైనది. ముద్దు కొలది దోషమును క్షమించుట వేఱు, దోషమే కంటబడకుండుట వేఱు. ఇరువదిద్దఱు ఒక్కసారి కదలునప్పుడు కన్ను అన్నింటిని పట్టజాలదు. మనస్సు ఎచ్చటికి పొమ్మనిన కన్ను అచ్చటికి పోవును. మనవానిని ఎవడు కొట్టునో అని వెదకువానికి కొట్టినవాడే కనబడును. కనుక జ్ఞాపకము చెడుట ఆట ముగిసిన పిమ్మట మొదలు కాదు, చూచుచున్నప్పుడే మొదలగుచున్నది.

ఆపైన కాలము తన పని చేయును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బార్ట్‌లెట్ అను పండితుడు 1932లో ప్రకటించిన గ్రంథమున, జ్ఞప్తి యనునది పెట్టెలో దాచిన వస్తువును తీసి చూపుట వంటిది కాదనియు, జ్ఞప్తి చేసికొను ప్రతిసారియు మనస్సు మిగిలిన తునుకలతో క్రొత్తగా కట్టుకొనుననియు చూపెను. దీనికి అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడగు ఉల్రిక్ నైసర్ తన్నుతానే దృష్టాంతముగా చెప్పుకొనెను. 1941 డిసెంబరు 7వ తేదీన, తాను పండ్రెండేండ్ల బాలుడై రేడియోలో బేస్‌బాలు ఆట వినుచుండగా, పెర్ల్ హార్బరుమీద జపానువారు దాడిచేసిన వార్త వచ్చినట్లు ఆయనకు స్పష్టముగా జ్ఞాపకము. ఎన్నో యేండ్లు గడచిన పిదపగాని డిసెంబరులో బేస్‌బాలు ఆడరను సంగతి ఆయనకు తట్టలేదు. ఆనాడు రేడియోలో వచ్చినది ఫుట్‌బాలు ఆట, కళాశాలలది కాదు, జీతగాండ్రది, అని 1986లో ఇతరులు చూపిరి. ఆడిన పక్షముల పేర్లు జయంట్సు, డాడ్జర్సు. ఆ కాలమున న్యూయార్కు నగరమున ఆ పేర్లతోనే బేస్‌బాలు పక్షములును ఉండెను. పేరు నిలిచినది, ఆట మారినది.

ఇది ఉపాధ్యాయులమైన మాకును, తలిదండ్రులగు మీకును పట్టని సంగతి కాదు. చెడుగుడు పందెము ముగిసిన సాయంకాలము ఇరువురు బాలురు చొక్కాలు చింపుకొని మాయెదుట నిలిచి, రెండు వేఱు కథలు చెప్పుదురు. ఒకడు అబద్ధికుడు కావలెనని మనము వెంటనే నిశ్చయించి, ఆ యొకడెవడో తేల్చుటకు పూనుకొందుము. అబద్ధ సాక్ష్యము పాపమే. అయితే తాను చూచినదానినే చెప్పుచున్నవాడు, అది జరిగినదానికి భిన్నమైనను, అబద్ధ సాక్షి కాడు. వానిని అబద్ధికుడని బెత్తముతో కొట్టిన, వాడు సత్యము నేర్చుకొనడు. సత్యము చెప్పినను దెబ్బలు తప్పవని నేర్చుకొనును. మొదట ఇరువురిని వేఱువేఱుగా కూర్చుండబెట్టి, ఎచ్చట నిలిచి చూచిరో, ఎవనిని చూచుచుండిరో అడుగుట మేలు. దీనికి కాలము పట్టును. తీఱిక లేదనుట నాకును తెలిసిన సాకే.

ఫిల్ము చూచినను మనస్సు మాఱనివారి కథ చెప్పితిని. ఫిల్ము చూచి మాఱినవారి కథయు కలదు. అది దానికి పదునొకండు సంవత్సరములు ముందటిది. అందును ఒక పక్షము డార్ట్‌మత్‌వారే.

1940 నవంబరు 16వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయమువారు డార్ట్‌మత్ మైదానమునకు వచ్చిరి. అంతకుముందు 18 ఆటలలో కార్నెల్‌వారు ఓడలేదు. కడపటి భాగమున డార్ట్‌మత్‌వారు గుంజల నడుమనుండి తన్ని 3–0 ముందుండిరి. ఆట ముగియనుండగా కార్నెల్‌వారు డార్ట్‌మత్ గీటుకు 6 గజముల దూరమునకు వచ్చిరి. మూడు పర్యాయములు త్రోసికొనిపోయి గజమునకు లోపలికి చేరిరి గాని గీటు దాటలేకపోయిరి. ఆట నాపించినందుకు దండనగా 5 గజములు వెనుకకు పోవలసివచ్చెను. నాలుగవ పర్యాయమున విసరిన బంతిని డార్ట్‌మత్‌వారు నేల కొట్టిరి. నియమము ప్రకారము బంతి డార్ట్‌మత్‌వారిది. కాని రిఫరీ ఫ్రీసెల్, లెక్క తప్పి, కార్నెల్‌వారికి ఇంకొక పర్యాయ మిచ్చెను. ఆ అయిదవ పర్యాయమున వారు గీటు దాటించి, ఆపైన తన్ని, 7–3 గెలిచిరి. డార్ట్‌మత్‌వారు మొఱపెట్టిరి, కార్నెల్‌వారు సంతోషముతో ఇల్లు చేరిరి.

కార్నెల్ శిక్షకుడు స్నేవ్లీ తన పక్షపు ఆటలకు ఫిల్ము తీయించి, తప్పులు దిద్దుటకు దానిని వాడుచుండువాడు. ఆ ఫిల్మును కడిగించి చూచిరి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఎన్నిసార్లు లెక్కించినను అయిదే. సోమవారమున రిఫరీయు తన తప్పును ఒప్పుకొనెను. అయితే ఆట ముగిసిన పిమ్మట తీర్పును మార్చు అధికారము అతనికి లేదు. మార్చుమని కార్నెల్‌వారిని నిర్బంధించు నియమమును లేదు. మౌనముగా నుండిన గెలుపు వారిదే.

ఆ దినముననే కార్నెల్‌వారు డార్ట్‌మత్‌వారికి తంతి పంపి, గెలుపు మాకు వద్దనియు, ఆట మీదనియు తెలిపిరి. డార్ట్‌మత్‌వారు అంగీకరించిరి. నాటి కార్నెల్ అధ్యక్షుడు ఎడ్మండ్ ఎజ్రా డే డార్ట్‌మత్‌లో చదివినవాడే యగుట ఒక వింత. కార్నెల్ ఆటగాండ్రకు ఈ నిర్ణయము సులభముగా మ్రింగుడుపడినదని చెప్పుటకు వీలులేదు. 18 ఆటల కీర్తి ఒక్క తంతితో పోయినది. మఱుసటి ఆటలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు వారిని 22–20 ఓడించిరి.

ఆ శనివారము సాయంకాలము మైదానమునుండి ఇండ్లకు మరలిన వేలకొలది జనులు తమ కండ్లతో చూచినది కార్నెల్‌వారి గెలుపు, 7–3. ఆటల పట్టికలలో నేటికిని ఉన్నది డార్ట్‌మత్ 3, కార్నెల్ 0.